త్రిభుజంలో ఒక డిగ్రీ ఎక్కువైంది

తనిఖీ అధికారి బడికి వచ్చే రోజు ఉదయం లెక్కల మాస్టారు మహా హుషారుగా తయారయ్యారు.

"ఇవాళ పిల్లలు సూత్రం బట్టీ పట్టరు. కంప్యూటర్లో త్రిభుజాన్ని లాగి, సాగదీసి, కోణాల మొత్తం నూట ఎనభై ఎందుకు మారదో వాళ్లే కనిపెడతారు!"

"ముందు చొక్కా గుండీలు సరిగ్గా పెట్టుకోండి," అంది భార్య.

పాఠం అధికారికి నచ్చకపోతే ఆ కంప్యూటర్లు ఆఫీసు టైపింగుకు వెళ్లిపోతాయి. వాటి కోసం మాస్టారు రెండేళ్లు కాళ్లరిగేలా తిరిగారు.

మూడో పీరియడ్లో అధికారి, హెడ్‌మిస్ట్రెస్ వెనక బెంచీలో కూర్చున్నారు. "కంప్యూటర్ అబద్ధం చెప్పదు, చూడండి," అంటూ మాస్టారు త్రిభుజం మూలను మౌసుతో లాగారు. తెర మీద కోణాలు పడ్డాయి: యాభై ఒకటి, అరవై ఒకటి, అరవై తొమ్మిది.

"సార్, నూట ఎనభై ఒకటి!" అని అరిచారు పిల్లలు.

మాస్టారు తెర మీదికి వంగి చూశారు. "మళ్లీ కూడండి," అన్నారు. మళ్లీ అంతే.

హెడ్‌మిస్ట్రెస్ విసవిసా వచ్చి, మౌసు లాక్కుని మూలను ఇంకాస్త జరిపారు. నూట డెబ్భై తొమ్మిది! "ఒకటి తగ్గించమంటే రెండు తగ్గించిందేంటండీ?" అన్నారు కంగారుగా.

కంప్యూటర్ టీచరు పరుగెత్తుకొచ్చి "వైరస్" అంది. గుమస్తా వచ్చి, తెర వంకరగా ఉందేమోనని టేపుతో కొలవడం మొదలుపెట్టాడు. "సూత్రమే తప్పయితే పోయిన పరీక్షలో నాకు మార్కులు కలపాలి సార్!" అని ఒకడు లేచాడు. అధికారి మాత్రం పుస్తకంలో ఏదో రాసుకుంటూనే ఉన్నారు.

అన్నిటికీ ఎందుకని అడుగుతుందని 'ఎందుకమ్మ' అని పేరుబడ్డ పిల్ల చెయ్యెత్తింది. "సార్, అది సరిగ్గా యాభై ఒకటేనా, లేక ఇంచుమించు యాభై ఒకటా?"

మాస్టారు గబుక్కున మౌసు అందుకున్నారు. మొదటి త్రిభుజాన్ని వెనక్కి తెచ్చి, దశాంశాలు కనిపించేలా మార్చారు: యాభై పాయింట్ ఆరు, అరవై పాయింట్ ఏడు, అరవై ఎనిమిది పాయింట్ ఏడు.

"నూట ఎనభయ్యే సార్!" ఎందుకమ్మ గెంతింది. "కంప్యూటర్ మూడింటినీ పైఅంకెకు సవరించింది. ఆ కాస్త కాస్తా కలిసి ఒక డిగ్రీ అయింది. మేడమ్‌గారు లాగినప్పుడు మూడింటి దశాంశాలకూ కోత పడింది!"

క్లాసంతా ఎవరి త్రిభుజాన్ని వాళ్లు లాగి లెక్క చూసుకోవడంలో మునిగిపోయింది. అధికారి లేచి మాస్టారి చెయ్యి పట్టుకుని ఊపేశారు. "పిల్లల చేత ఆలోచింపజెయ్యడానికి కావాలనే తప్పు పెట్టారన్నమాట!"

"అబ్బే, లేదండీ, అదీ..."

"నెల్లాళ్లుగా అదే పనిలో ఉన్నారండీ!" అని హెడ్‌మిస్ట్రెస్ అడ్డుపడ్డారు.

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది: ఇకపై అన్ని బడుల్లోనూ త్రిభుజానికి నూట ఎనభై ఒక్క డిగ్రీలు తప్పనిసరి.