అక్క నింపని గడి

ఆ ఉదయం అక్క వేసుకున్న పథకం చిన్నదే. ఆవిడ పశువుల డాక్టరు. పదింటికి దర్జీ గారి కొట్టుకు తానే నడిచి వెళ్ళి, ఆసుపత్రిలో ఉంచిన ఆయన కుక్క, పేరు బొత్తాం, తెల్లవారుజామున చనిపోయిందని నెమ్మదిగా చెప్పాలి. పన్నెండేళ్ళు కుట్టుమిషను కింద పడుకున్న కుక్క అది. అందుకే కంప్యూటర్‌లో బొత్తాం వరుసలో, యజమానికి పంపాల్సిన మెసేజ్ గడిని ఆవిడ ఖాళీగా వదిలేసింది. రాయడానికి చెయ్యి రాలేదు.

ఆసుపత్రి వెబ్‌సైట్ చేసింది తమ్ముడు. అక్క పనే కదా అని ఊరికే చేశాడు, ఊరికే చేసినట్టే చేశాడు. డేటాబేస్‌ను రెండుసార్లు అడిగి, యజమానుల పేర్లు ఒక అర్రేలో, అంటే ఒక జాబితాలో, మెసేజ్‌లు మరో అర్రేలో నింపాడు. మొదటి పేరుకు మొదటి మెసేజ్, రెండో పేరుకు రెండోది. మెసేజ్‌లు అడిగేటప్పుడు మాత్రం ఖాళీవి వద్దని తెలివి చూపించాడు. ఒక్క గడి ఖాళీగా ఉన్నా దాని కిందివన్నీ ఒక్కో మెట్టు పైకి జరుగుతాయని ఆ తెలివికి తట్టలేదు. ఎనిమిదింటికి మెసేజ్‌లు వాటంతటవే వెళ్ళిపోయాయి.

ఎనిమిదిన్నరకు గండుపిల్లి యజమాని అయిన లెక్కల మాస్టారు ఫోను పట్టుకుని వచ్చారు. "నాలుగు పిల్లల్ని పెట్టింది, తల్లీపిల్లలూ క్షేమం అని పంపారు. మాది గండుపిల్లండీ."

ఆయన వెనకే కుందేలు తాలూకు అమ్మాయి. "మా కుందేలుకు మళ్ళీ మాట వచ్చిందట. పొద్దున్నుంచి అందర్నీ తిడుతోందట. ఒక్కసారి విని వెళ్తానండీ."

ఆ తర్వాత చిలక యజమానురాలు, పెద్దావిడ. ఎనిమిదింటికి మెసేజ్ వస్తుందన్నారు, రాలేదు, అంటే చిలక పోయినట్టేనని తేల్చుకుని వీధి మలుపు నుంచే ఏడుస్తూ వచ్చింది. పంజరంలోని చిలక ఆవిడను చూడగానే, ఆవిడ నేర్పిన తిట్టే అందుకుంది. దాంతో ఏడుపు రెట్టింపయింది. మాస్టారు నవ్వు ఆపుకోలేకపోయారు.

తమ్ముడు తెర మీద వేలు పెట్టి కింది నుంచి పైకి చూసుకుంటూ వచ్చాడు. చిలక మెసేజ్ కుందేలుకు, కుందేలుది పిల్లికి. వేలు బొత్తాం దగ్గర ఆగింది.

"అక్కా, పిల్లి మెసేజ్ దర్జీ గారికి వెళ్ళింది."

"ఏముందిరా అందులో?"

"పూర్తిగా కోలుకుంది, వచ్చి ఇంటికి తీసుకెళ్ళండి అని."

అక్క తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని అతనికి అనిపించింది. అంతలోనే దర్జీ గారు మెట్లెక్కి లోపలికి వచ్చారు. చేతిలో బూడిదరంగు ఉన్ని కోటు, నాలుగు కాళ్ళకు సరిపడేది.

"ఆపరేషన్ కుట్లకు చలి తగలకూడదని కుట్టానమ్మా. పొట్ట దగ్గర కాస్త వదులు పెట్టాను."

నవ్వుతున్న మాస్టారు నవ్వు మానేశారు. చేసిన తప్పు తనది కాబట్టి తమ్ముడే ముందుకొచ్చాడు. "ఆ మెసేజ్ మీది కాదండీ. నేను వరుస తప్పించాను. బొత్తాం తెల్లవారుజామున పోయింది."

దర్జీ గారు కోటును అంచుకు అంచు కలిపి మడత పెట్టారు.

"తెలుసు బాబూ. నిన్న వదిలి వెళ్తుంటే అది తోక ఊపలేదు. ఇంటికెళ్ళి ఏడ్చేశాను కూడా. పొద్దున నీ మెసేజ్ చూసి, చదువుకున్నవాళ్ళు రాశారు, నా చూపే తప్పయి ఉంటుందనుకున్నాను. గంటన్నర సేపు దాన్ని బతికించావు. కోపం లేదు. ఇంకెవరికీ మాత్రం ఇలా చెయ్యకు."

తమ్ముడు తల దించుకుని ఏడ్చాడు. బొత్తాంకు ఆ కోటు తొడిగి, తానే చేతుల మీద మోసుకుంటూ ఆయన వెంట వెళ్ళాడు.

మధ్యాహ్నం తిరిగొచ్చి రెండు అర్రేలనూ తీసేశాడు. పేరూ మెసేజూ విడిపోకుండా ఒకే అర్రేలో, ఒకే వరుసలో కట్టేశాడు.

"గడి ఖాళీగా ఉంటే ఏం పంపమంటావక్కా?"

"నిన్ను."

అప్పటి నుంచి ఖాళీ గడి ఎదురైతే వెబ్‌సైట్ యజమానికి ఏమీ పంపదు. తమ్ముడి ఫోనుకు మాత్రం రెండు ముక్కలు పంపుతుంది: చెప్పులు వేసుకో.