పొగమంచు పులి చివరి అధ్యాయం

"ఈ గ్రంథాలయంలో ఎవరికి నచ్చిన పుస్తకం వాళ్ళు చదువుకోవచ్చు. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా. ఏ పుస్తకాన్నీ ఎవరూ తీసేయరు. నా కొమ్ముల మీద ఒట్టు!"

ఒక పెద్ద అడవిలో, అంతకంటే పెద్ద సభలో, అధ్యక్షుడు అడవిదున్న గవరయ్య ఇచ్చిన మాట ఇది. అప్పుడాయన మెడలో చామంతుల దండ ఉంది. చప్పట్లు ఆగకముందే దండ తినేశాడు. మాట తినడానికి మాత్రం కొంచెం టైం తీసుకున్నాడు.

నల్లగుండు అనే పెద్ద బండ కింద గుహలో పెట్టారు గ్రంథాలయం. అందులో 'అడవి అభివృద్ధిలో అధ్యక్షుల పాత్ర' లాంటి గొప్ప పుస్తకాలు చాలా ఉన్నాయి. వాటిలో సాలీళ్ళు మూడు తరాలుగా కాపురం ఉంటున్నాయి, పాపం వాటిని కదిలించిన వాళ్ళు లేరు.

జనం ఎగబడింది ప్రేమ నవలల కోసం. ఉత్త ప్రేమ కాదు. దయ్యాలతో ప్రేమ, మంత్రగాళ్ళతో ప్రేమ, హత్య ఎవరు చేశారో తెలియకుండా ప్రేమ. కోతి తల్లి పిల్లకి పేలు చూస్తూ చూస్తూ తల వదిలేసి పుస్తకం పట్టుకునేది. ఎలుగుబంటి తేనెపట్టు కింద కూర్చుని తేనె సంగతి మరిచిపోతే, తేనెటీగలే వచ్చి "తర్వాతేమైంది?" అని దాని భుజం మీద వాలేవి.

అన్నిట్లోకీ గిరాకీ ఉన్న నవల 'పొగమంచు పులి'. రాసింది పక్క అడవి గబ్బిలం సుందరమ్మ గారు. ఎవరో చంపిన పులి దయ్యమై పొగమంచులో తిరుగుతుంటుంది. ఒక ఆడజింక దాన్ని చూసి భయపడదు. అదీ కథ. పులిని చంపిందెవరు? జింక వాగు దాటి దానితో వెళ్ళిపోతుందా, మందలోనే ఉండిపోతుందా? ప్రతి అధ్యాయం చివరా ఎవరివో అడుగుల చప్పుడు.

ఈ నవల మీద మొదట మండిపడింది నెమలి శిఖామణి గారు. ఆయన అడవి సంస్కృతికి స్వయంప్రకటిత కాపలాదారు. మబ్బు పట్టిందంటే చాలు, కనిపించిన ప్రతి ఆడనెమలి ముందూ పింఛం విప్పి ఆడతాడు. అది సంప్రదాయం. మిగతావాళ్ళు ప్రేమిస్తే విచ్చలవిడితనం.

"అధ్యక్షా, జింకేమిటి, పులేమిటి? పైగా దయ్యం! తినేవాడికీ తినబడేదానికీ ప్రేమేమిటండీ? ఇవాళ చదువుతారు, రేపు కుందేలు పిల్ల తోడేలుతో లేచిపోతుంది."

"నిజమేనయ్యా," అన్నాడు గవరయ్య నెమరేస్తూ. "కానీ మాటిచ్చానే. కొమ్ముల మీద ఒట్టు కూడా పెట్టాను."

కార్యదర్శి నక్క కామేశం గొంతు సవరించుకున్నాడు. "అయ్యగారు పుస్తకం తీసేయనన్నారు. మనం పుస్తకం తీయం. అధ్యాయం తీస్తాం."

"చివరి పేజీ దాకా చదువుకోవచ్చన్నాను కదా?"

"చింపాక ఏది మిగిలితే అదే చివరి పేజీ అయ్యగారూ."

గవరయ్య కొమ్ములు తడిమి చూసుకున్నాడు. రెండూ భద్రంగానే ఉన్నాయి. "అయితే కానివ్వండి."

"ఏ అధ్యాయం చింపాలో చదివి చూడాలేమో?" అన్నాడు మళ్ళీ, ఏదో గుర్తొచ్చినట్టు.

శిఖామణి గారు చెవులు మూసుకున్నారు. "శివ శివా! అలాంటివి మేం చదవడమా? చదవక్కర్లేదండీ. మొదట్లో అందరూ పద్ధతిగానే ఉంటారు. చెడంతా చివర్లోనే జరుగుతుంది. అన్ని ప్రేమ నవలలకీ చివరి అధ్యాయం పీకేద్దాం."

అలా పుట్టింది పరిశుభ్ర పఠన సంఘం. చదవకుండా చదువును కాపాడే సంఘం.

చింపిన కాగితాలు తగలబెడదామంటే అడవిలో నిప్పంటే అందరికీ హడల్. అందుకని పందికొక్కు గాదెరాజు బొరియలో దాచారు.

"వీణ్ణి నమ్మొచ్చా?" అన్నాడు గవరయ్య.

"వీడికి అక్షరం ముక్క రాదండీ," అన్నాడు కామేశం. "ఎన్ని చెడు కాగితాలు పక్కన పెట్టినా చెడిపోడు."

గాదెరాజు మీసాలు దువ్వుకుని, "బాబుగారు ఇచ్చిన పని కడుపులో పెట్టుకుని చూసుకుంటాను," అన్నాడు.

*

దుప్పుల మందలో చుక్కమ్మ అనే పిల్ల ఉండేది. డెక్కలతో పేజీలు తిప్పడం కుదరదు కాబట్టి, కొండముచ్చు రంగడు తునికి చెట్టెక్కి పైకి చదివితే తను కింద నిలబడి వినేది. చదువుతూ చదువుతూ రంగడు లేత ఆకులు తుంచి కిందికి వేసేవాడు. వింటూ వింటూ ఆమె మేసేది. 'పొగమంచు పులి' మొదలుపెట్టినప్పుడు ఆకులు ఎక్కడ పడితే అక్కడ పడేవి. నవల సగానికొచ్చేసరికి సరిగ్గా ఆమె ముందే పడేవి.

ఆ రోజు రంగడు చదువుతున్నాడు: "జింక వాగులో మొదటి అడుగు పెట్టింది. వెనక అడుగుల చప్పుడు. ఎవరో..."

ఆగిపోయాడు.

"ఊఁ, చదువు!"

"అయిపోయింది."

"ఏం అయిపోయింది నీ మొహం! అది నీళ్ళలో కాలు పెట్టింది. వెనక ఎవరో ఉన్నారు."

"ఆ తర్వాత అట్ట ఉంది పిల్లా."

చుక్కమ్మ తల పైకెత్తి చాలాసేపు ఆ అట్ట వంకే చూసింది. మోదుగలు పూసేసరికి రంగడి మంద వాగు అవతలికి వెళ్ళిపోతుంది. అతను రమ్మన్నాడు. వాగు దాటిన దుప్పి మందకి చచ్చినదానితో సమానమని వాళ్ళ కట్టుబాటు. దాటినదాని పేరు కూడా ఎత్తరు. దాటాక ఏమవుతుందో చుక్కమ్మకి చెప్పగలిగేది ఆ పుస్తకం ఒక్కటే. దాని నోరు కూడా నొక్కేశారు.

"ముగింపు తెలియకుండా నేను రాను రంగా," అంది.

"నేను చెప్పనా ముగింపు?"

"నువ్వు చెప్తే నీకు అనుకూలంగా చెప్తావు."

మర్నాటికి సంగతి బయటపడింది. ఒక్క ప్రేమ నవలకీ ముగింపు లేదు. ఎవరు హంతకుడో తెలియదు, ఎవరు ఎవర్ని పెళ్ళాడారో తెలియదు. ఈ కథ చెబుతున్న నాతో సహా అడవి కుర్రాళ్ళమంతా నల్లగుండు ముందు బైఠాయించాం. "చివరి అధ్యాయం మా జన్మహక్కు!" "చింపే చేతులు నశించాలి!" "పోరాడితే పోయేదేముంది, నిద్ర తప్ప!" నినాదాలు ఎక్కడెక్కడో విన్నవే, గొంతులు మాత్రం మావి.

కామేశం బయటికొచ్చి, "మీ విన్నపం పరిశీలనలో ఉంది," అని లోపలికెళ్ళిపోయాడు. మా అడవిలో పరిశీలన అంటే తాబేలుకి కూడా విసుగొచ్చే నడక.

*

అప్పుడు జనం ఒక పని చేశారు. సాయంత్రం పూట వాగు ఒడ్డున నీళ్ళు తాగడానికి వచ్చినవాళ్ళు ఎవరి ముగింపు వాళ్ళు చెప్పుకోవడం మొదలుపెట్టారు.

"వెనక వచ్చింది పులి తమ్ముడు," అంది ఎలుగుబంటి. "అన్నని చంపింది వాడే. జింక వాణ్ణి వాగులోకి తోసేసి తేనె తాగుతుంది."

"తేనె ఎందుకు వచ్చింది మధ్యలో?"

"నా ముగింపు. నా ఇష్టం."

"వెనక వచ్చింది సంఘం వాళ్ళు," అంది కుందేలు. "పులిని చంపింది కూడా వాళ్ళే. దయ్యం లేచి ఒక్కొక్కళ్ళనీ వరసగా..."

దానికి వచ్చిన చప్పట్లకి వాగులో చేపలు బెదిరిపోయాయి. కోతి తల్లి ముగింపులో జింకా దయ్యమూ కలిసి అడవినే ఏలాయి. రోజుకో ముగింపు, ముందుదాన్ని మించిన ముగింపు. నవల ఒకటే ఉన్నప్పుడు చదివేవాళ్ళు చదివారు, రానివాళ్ళు ఊరుకున్నారు. ఇప్పుడు చదవడం రానివాళ్ళు కూడా రచయితలైపోయారు.

చుక్కమ్మ తండ్రి, మందపెద్ద దాసప్ప, మొదటి రోజు "పనీపాటా లేదా మీకు" అని తిట్టిపోయాడు. తర్వాత ఓ రోజు నీళ్ళు తాగే వంకతో చివర నిలబడ్డాడు. ఆ తర్వాత వంక కూడా మానేశాడు. ఒక సాయంత్రం అందరి ముగింపులూ అయ్యాక, తల దించుకునే అన్నాడు:

"వెనక వచ్చింది ఆ జింక తండ్రి."

చుక్కమ్మ గొంతు సన్నగా వినిపించింది. "ఆపడానికా నాన్నా?"

"ఆపేవాడైతే ముందే అరుస్తాడు కదమ్మడూ. ఆ వాగు లోతు ఎక్కడెక్కడ ఎంతో ముసలాడికి తెలుసు. ఎక్కడ దాటాలో చూపిద్దామని వెనకే వచ్చాడు." దాసప్ప ఒక్కసారి ఉలిక్కిపడి చుట్టూ చూశాడు. "కథలో! కథలో చెప్తున్నాను. నువ్వేం ఆశలు పెట్టుకోకు!"

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ముళ్ళపంది ముక్కు చీదింది.

*

సంఘం కంగారు పడిపోయింది.

"ఒక్క చెడు ముగింపు తీసేస్తే అడవినిండా ముగింపులు మొలిచాయండీ!" అన్నారు శిఖామణి గారు. "ఇంతకీ ఆ అసలు ముగింపులో ఏముంది?"

ఎవరికి తెలుసు? చదివితే కదా! సుందరమ్మ గారికి కబురు పెట్టారు. ఆవిడ వచ్చి నల్లగుండుకి తలకిందులుగా వేలాడి, కళ్ళజోడు సర్దుకుంది.

"ముగింపా? అది పులీ కాదు, దయ్యమూ కాదండీ. శాపం తగిలిన జింక. అదే మందలో మేనబావ. శాపం తీరి ఇంటికొస్తాడు. వెనక అడుగులు అతనివే. పెద్దలు దగ్గరుండి పెళ్ళి చేస్తారు. అధ్యాయం అంతా పెళ్ళి భోజనాలే. ఆఖరి పేజీలో ఒక నెమలి గారు వచ్చి అక్షింతలు వేస్తారు."

శిఖామణి గారి పింఛంలోంచి ఒక ఈక దానంతటదే రాలిపోయింది. "ఎంత చక్కటి సాహిత్యం! ఇలా ఎందుకు రాశారమ్మా మీరు?"

"మీలాంటి వాళ్ళు ఉంటారనే నాయనా. ముందు అధ్యాయాలన్నీ పాఠకుల కోసం రాస్తాను. చివరిదొక్కటే మీ కోసం. మీరేమో సరిగ్గా దాన్నే చింపుకున్నారు."

గవరయ్య లేచి పరుగు తీశాడు. వెనక కామేశం, వెనక ఈకలు పట్టుకుని శిఖామణి గారు. బొరియ దగ్గర గాదెరాజు సగం బయటా సగం లోపలా ఇరుక్కుని ఉన్నాడు. పొట్ట పట్టడం లేదు.

"చివరి అధ్యాయాలు ఎక్కడయ్యా?"

"భద్రంగా ఉన్నాయి బాబయ్యా," అని తేన్చాడు. "ఆ పులి పుస్తకంలో జిగురు కాస్త ఎక్కువేశారు. కమ్మగా ఉంది."

చేసేది లేక సాయంత్రం వాగు ఒడ్డున గవరయ్యే స్వయంగా ముగింపు ప్రకటించాడు. మేనబావ అనేసరికి జనం పొట్టలు పట్టుకుని నవ్వారు.

"సంఘం కట్టిన కథ!" అని అరిచింది కుందేలు. "నెమలి అక్షింతలు వేసిందట! ఎవరు రాయించారో తెలుస్తూనే ఉంది!"

"ఇదే అసలుదయ్యా! కావాలంటే రచయిత్రిని అడగండి!"

అందరూ సుందరమ్మ గారి వైపు తిరిగారు. ఆవిడ గవరయ్యని చూసింది, జనాన్ని చూసింది.

"అసలుదేదో నాకు గుర్తు లేదు బాబూ, పెద్దదాన్నైపోయాను. ఇంతకీ తండ్రి వెనకాల వచ్చే ముగింపు ఎవరిది?"

"నాదేనండి," అన్నాడు దాసప్ప, చెవులు వంచి.

"రెండో ముద్రణకి అరువిస్తావా?"

*

మోదుగలు పూశాయి. కొండముచ్చులు కొమ్మల మీదుగా బయల్దేరాయి. చుక్కమ్మ వాగు దగ్గరికి వచ్చి నీళ్ళలో మొదటి అడుగు పెట్టింది. పై కొమ్మ మీంచి ఆమె ముందు ఒక లేత ఆకు పడింది. వెనక అడుగుల చప్పుడు వినిపించింది. ఆమె తిరిగి చూడలేదు.

"అక్కడ కాదే మొద్దూ, లోతు," అంది వెనక గొంతు. "రాళ్ళున్న వైపు నడువు."

ఇక్కడితో కథ అయిపోవాలి. కాలేదు. సంఘం మళ్ళీ సమావేశమై, తప్పు ఎక్కడ జరిగిందో కనిపెట్టింది. ముగింపులు తీసేస్తే జనం అల్లుకుంటున్నారు కాబట్టి ఇకమీదట మొదటి అధ్యాయాలు చింపాలని తీర్మానించింది. వాటిని దాచే బాధ్యత మళ్ళీ గాదెరాజుదే. ఈసారి పెద్ద బొరియ ఇచ్చారు.

నీతి: చెడు పుస్తకాల నుంచి జనాన్ని కాపాడాలనుకునేవాళ్ళు ముందు వాటిని చివరిదాకా చదవాలి, లేకపోతే జనమే వాటిని చివరిదాకా రాసేస్తారు.

ఇక అధ్యక్షా, మాదొకటే ప్రశ్న. కొమ్ముల మీద ఒట్టేసి మీరిచ్చిన ఆ మాట ఇంకా ఉందా, అదీ గాదెరాజు పొట్టలోకే పోయిందా? వాగు ఒడ్డున, అందరి ముందూ చెప్పండి. పరిశీలనలో ఉందంటే ఒప్పుకోం. గడువు వైశాఖ పౌర్ణమి.