రేకుల మీది పన్ను

ఒక జంతువుకు తన పేరు పెడుతున్నప్పుడు ఎంత వినయంగా నవ్వాలో ఆ ఉదయం మదన్‌మోహన్ అద్దం ముందు సాధన చేశాడు. జహీరాబాద్‌లో ఇరవై ఏళ్లుగా డిగ్రీ పిల్లలకు జువాలజీ చెబుతున్నా, తోటి లెక్చరర్లకు ఆయన ఇంకా కప్పల సారే. ఆ అవమానం ఇవాళ్టితో తీరబోతోంది. న్యాల్‌కల్ గుట్టల్లో ఆయనకు చిన్న పన్ను దొరికింది. కోట్ల ఏళ్ల కిందట అంతరించి, పండ్లు తప్ప ఏమీ మిగల్చని గిట్టల జంతువుదే అదని ఆయన నమ్మకం. పదకొండింటికి హైదరాబాద్ నుంచి పరిశోధకురాలు త్రివేణి వచ్చి తేల్చాలి.

పదిన్నరకు చూస్తే టీవీ పక్కన దూది ఉంది, పన్ను లేదు.

"అమ్మా, దూదిల పెట్టిన పన్నేది?"

"అబ్దుల్ వాళ్ల రేకుల మీద ఏసిన," అంది లక్ష్మమ్మ బియ్యం ఏరుతూ. "నీ పోరిది పాలపన్ను ఊడింది గద. గట్లేస్తెనే వరసగ మొలుస్తయి."

వాళ్లది స్లాబు ఇల్లు. అందుకని ఆ ఇంటి పాలపండ్లన్నీ ఎప్పుడూ పక్కింటి సిమెంటు రేకులకే చేరేవి.

"అది పోరిది గాదమ్మా. కోట్ల ఏండ్ల కిందటి జంతువుది."

"అంత పాతదైతే ఇగ మొలవదు. పోనియ్యి."

మదన్‌మోహన్ మిద్దెక్కి పిట్టగోడ దాటి రేకుల మీదికి దిగాడు. సందుల్లో ఆరు పండ్లు దొరికాయి. ఏది పోరిది, ఏది పురాతనమో ఇరవై ఏళ్ల జువాలజీకి అంతుపట్టలేదు. అన్నీ రుమాల్లో కట్టుకుని వెనక్కి తిరిగేసరికి రేకు పగిలి కుడికాలు అబ్దుల్ భార్య నఫీసా వంటింట్లోకి దిగింది.

"సార్, జర కాలు ఊపకున్రి," అని కింది నుంచి నఫీసా గొంతు వినిపించింది. "సాలన్ మీద మూత పెట్టుకుంట."

ఆ గింజులాటలో, రేకులు గాలికి లేవకుండా అబ్దుల్ పెట్టిన బండరాయి దొర్లి వాకిట్లో పడి రెండు ముక్కలైంది. అప్పుడే కారు దిగిన త్రివేణికి రేకుల మీద సగం మనిషి నమస్కారం పెడుతూ కనిపించాడు. అబ్దుల్ నిచ్చెనెక్కి ముందు రుమాలును, తర్వాత సారును కిందికి దించాడు.

త్రివేణి భూతద్దంతో చూసింది. "ఇవి పిల్లల పాలపండ్లు సార్. ఇదొక్కటి కాదు."

మదన్‌మోహన్ పొద్దున సాధన చేసిన వినయపు నవ్వు నవ్వాడు.

"మేకపిల్లది. చచ్చి ఏడాదై ఉంటుంది."

ఆయనకు నిజంగానే ఏడుపొచ్చింది. త్రివేణి మాత్రం అప్పటికే పగిలిన రాయి ముందు కూర్చుంది. లోపల జొన్నగింజలంత పండ్లు నాలుగు, వరసగా ఉన్నాయి.

"ఈ రాయి ఎక్కడిది?"

"ఝరాసంగంల మా బావి తవ్వినప్పుడు తెచ్చిన మేడం," అన్నాడు అబ్దుల్.

"ఇవి కోట్ల ఏళ్ల కిందటివి. ఇలాంటి గిట్టల జంతువును నేనెక్కడా చూడలేదు. దీనికి మీ పేరు పెట్టాలనుకుంటున్నాను."

"పేరుకేం ఫికర్ లేదు. గని రాయి తీస్కపోతె రేకులు లేస్తయి. ఇంకోటి పెట్టిపోన్రి."

లక్ష్మమ్మ కూడా వంగి చూసింది. "చెప్పిన గద, రేకుల మీదుంటె వరసగ మొలుస్తయని."

సాయంత్రం మదన్‌మోహన్ కొత్త రేకు వేయించి, కొత్త రాయిని తానే మోసుకెళ్లి పైన పెట్టాడు. పెట్టేముందు దాన్ని నాలుగు వైపులా తిప్పి చూసుకున్నాడు.