ఐదు తరగతుల అబద్ధం

ఆ శనివారానికి లోహిత్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఆఫీసువాళ్లు రాయదుర్గం నుంచి బస్సులో ఒక పల్లె బడికి పాఠాలు చెప్పడానికి వెళ్తున్నారు. భార్యను వెంట తెచ్చుకునే వీలు టీమ్ లీడర్‌కి మాత్రమే. పెళ్లయి నలభై రోజులు. బస్సులో రసజ్ఞ పక్కన కూర్చోవాలి, మధ్యలో పులిహోర డబ్బా ఉండాలి, అంతే. ఆ రోజుకి తననే లీడర్‌గా పెట్టాలని మేనేజర్ మధుసూదన్‌తో ఒక అబద్ధం ఆడాడు: "సార్, నేను ఒంటిగది బడిలోనే చదివాను. నాకన్నీ తెలుసు."

నిజానికి అతను చదివింది బాచుపల్లిలో, లిఫ్టు ఉన్న బడిలో.

బస్సు కదలగానే మధుసూదన్ లేచాడు. "మన లోహిత్ అట్లాంటి బడి నుంచే వచ్చినాడు. అందరూ క్లాప్స్!"

రసజ్ఞ కళ్లు మెరిశాయి. "నిజమా అండీ? నాతో ఒక్కసారైనా అనలేదే!"

ఆ మెరుపు చూశాక నిజం చెప్పడం అతనివల్ల కాలేదు. "గొప్పలు చెప్పుకోవడం నాకు నచ్చదు," అన్నాడు.

బడిలో ఒకటే గది. ఐదు తరగతులు, ఇరవై ముగ్గురు పిల్లలు, ఒక్క యాదయ్య సారు. "మీరు గిట్లనే చదువుకున్నరట గద, ఇగ నాకేం ఫికర్! జర సేపు చూస్కోండ్రి, మండల ఆఫీసుకు పోయొస్త," అని ఆయన బండెక్కి వెళ్లిపోయారు.

లోహిత్ గదిని కలియజూశాడు. ఒకటో తరగతి బుడతల మధ్య ఐదో తరగతి పిల్లలు కూర్చుని గుసగుసలాడుతున్నారు. అతనికది అల్లరిగా కనిపించింది. పెద్దపిల్లల్ని లేపి మూలన కూర్చోబెట్టి, నోటిమీద వేలేసుకోమన్నాడు.

రెండు నిమిషాల్లో ఒకటో తరగతి ఏడుపు అందుకుంది. దాన్ని చూసి రెండో తరగతి. అతను మూడో తరగతికి ఎక్కాలు చెబుతుండగా నాలుగో తరగతి గోడ దూకింది. వాళ్లను పట్టుకోబోయిన మధుసూదన్ బురదలో ఒక చెప్పు పోగొట్టుకుని వచ్చాడు. "ఏందప్పా ఇది? అన్నీ తెలుసంటివే!"

బయట మిగతావాళ్లతో కలిసి భోజనాల పనిలో ఉన్న రసజ్ఞ ఏడుపులు విని పరుగున వచ్చింది. ఆమె వెనకే, మండల ఆఫీసు నుంచి అప్పుడే తిరిగొచ్చిన యాదయ్య సారు.

"అయ్యో, ఎంత పని జేసిన్రు! నా టీచర్లందర్నీ మూలకు కూసోబెడితిరి! చిన్నోళ్లకు అక్షరాలు దిద్దించేది ఆ పిల్లలే గద. మీ బడిల గిట్ల లేకుండెనా?"

గదంతా లోహిత్ వైపే చూసింది, నోటిమీద వేళ్లతో సహా.

"మా బడిలో... క్లాసుకొక గది ఉండేదండి," అన్నాడు నేల చూస్తూ.

రసజ్ఞ ముందుకొచ్చింది. మూలనున్న పిల్లల్ని ఒక్కొక్కరినీ చెయ్యిపట్టి లేపి, ఒక్కో బుడతడి పక్కన కూర్చోబెట్టింది. ఐదు నిమిషాల్లో ఏడుపులు ఆగి, గుసగుసలు మొదలయ్యాయి.

"నీకెలా తెలుసు?" అన్నాడు లోహిత్ మెల్లగా.

"నేను చదివింది ఇలాంటి బడిలోనే. మీరు చిన్నచూపు చూస్తారేమోనని పెళ్లిచూపుల్లో కాన్వెంటని చెప్పాను." ఆమె పక్కనున్న బుడతడి పలక తుడిచింది. "బస్సులో మీ సంగతి విని ఎంత సంతోషపడ్డానో! ఇంటికెళ్లాక నా అబద్ధం ఒప్పుకుందామనుకున్నా."

లోహిత్ చెవులు కాలిపోయాయి.

తిరుగు ప్రయాణంలో సిగ్గుతో ఒకరి మొహం ఒకరు చూసుకోలేక ఇద్దరూ ఒకే కిటికీలోంచి బయటికి చూశారు. అలా చూడాలంటే ఒకరి భుజం మీద ఇంకొకరు తల పెట్టక తప్పలేదు.