వెల్డింగ్ మెషీన్ల వరుస హత్యలు

“బావా, ఈ లోకంలో నేరస్థులు రెండే రకాలు. నాకు దొరికినవాళ్లు, ఇంకా దొరకనివాళ్లు,” అని ప్రకటించాడు మా బావమరిది. మొదటి రకంలో ఇప్పటిదాకా ఒక్కడూ లేడని ఇంటిల్లిపాదికీ తెలుసు. అయినా ఎవరమూ అనం. అంటే అలిగి అన్నం మానేస్తాడు. మానేసి, వంటింట్లో డబ్బాలన్నీ ఖాళీ చేస్తాడు.

ఆ రోజు వాడి ముందున్న శవం ఒక వెల్డింగ్ మెషీన్.

మా ఆవిడ కాలు విరిగి, కింది గదికే పరిమితమై చాలా కాలమైంది. ఆమె కుట్టుమిషను, గుడ్డలు, సమస్తం పై గదిలోనే. కట్టయితే విప్పారు గానీ, పట్టుకోవడానికి ఆసరా ఉంటేనే మెట్లెక్కమన్నాడు డాక్టరు. మా మెట్లకు ఒకవైపు గోడ, రెండోవైపు గాలి. పిలిచిన వెల్డరు ఇదిగో వస్తా అదిగో వస్తా అంటూ ముఖం చాటేశాడు. సరే, రెయిలింగు నేనే చేస్తాను, ఆ తర్వాత గేటూ స్టాండ్లూ కూడా ఇంట్లోనే చేసుకోవచ్చు, మెషీన్ కొనేద్దామన్నాను. పైకి చెప్పిన మాట అది. ఆమె రోజూ కింది మెట్టు మీద కూర్చుని పైకి చూస్తుంటే నా ప్రాణం ఉసూరుమనేది.

రెయిలింగుకు ఇనప గొట్టాలు ముందే తెచ్చాం. బిగించాక మూలల్లోకి కుంచె వెళ్లదని, మా బావమరిది వాటికి ఆకుపచ్చ రంగు దట్టంగా పూసేశాడు. చివర్లు కూడా వదల్లేదు. పని పూర్తిగా చేసే మనిషి, పాపం.

దుకాణాయన రెండు రకాల మెషీన్లు చూపించాడు. ఒకటి భుజాన తగిలించుకునేంత చిన్నది, రాడ్డుతో అతికేది. రెండోది పెద్దది, తీగ దానంతటదే బయటికొస్తుంది. ఇంట్లో వాడి చూసి, నచ్చింది ఉంచుకోమన్నాడు. చిన్నది తెచ్చాను. దుకాణంలో చిటపటలాడింది గానీ మా పెరట్లో ఆ గొట్టాల మీద పెడితే కిమ్మనలేదు. తిరిగిచ్చి పెద్దది తెచ్చాను. అదీ అంతే.

“దుకాణంలో బతికుంటాయి, మనింటికొచ్చి చస్తాయి,” అన్నాడు బావమరిది, భూతద్దం తుడుచుకుంటూ. “అంటే హంతకుడు ఈ ఇంట్లోనే ఉన్నాడు. ఎవరూ కదలకండి.”

“కదలగలిగితే పైకెళ్లి నా పని చూసుకునేదాన్ని కదరా,” అంది మా ఆవిడ.

దర్యాప్తు మొదలైంది. ముందు ఫ్యూజు డబ్బాని నిలదీశాడు. దాంతో ఫ్యాను ఆగిపోయింది. తర్వాత పక్కింటాయన్ని గోడమీదుగా ప్రశ్నించాడు. ఆయన మొక్కలకు పట్టే నీళ్లు కొంచెం ఇటు కూడా పట్టాడు. చివరికి సొంత అక్క మీదే అనుమానపడ్డాడు. రెయిలింగు వస్తే మళ్లీ పనిచెయ్యాల్సొస్తుందని నువ్వే చంపావా అని అడిగాడు.

ఆమె నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. “నాకు పైకెళ్లాలని ఉందిరా,” అంది. “రేపటికి తేలకపోతే, కూర్చుని ఒక్కో మెట్టే జరుగుతూ ఎక్కేస్తాను. పడితే పడతాను.”

అన్నంత పనీ చేసే మనిషి. అది విని బావమరిది భూతద్దం జేబులో పెట్టేసుకున్నాడు.

నేరం ఎలా జరిగిందో నటించి చూస్తే తప్ప తేలదన్నాడు. ఒక గొట్టం భుజాన వేసుకుని మెట్లెక్కాడు. “హంతకుడు ఈ మెట్టు మీద నుంచి పిల్లిలా...” అన్నాడు. మిగతా వాక్యం కిందికొచ్చాక పూర్తయింది. ప్యాంటు మోకాలి దగ్గర చిరిగింది. గొట్టం సిమెంటు మెట్ల అంచుల మీద గీరుకుంటూ వచ్చి, ఒక పక్క పొడవునా రంగు లేచిపోయింది.

వాడికేం కాలేదని చూసుకున్నాక నాకు ఒళ్లు మండింది. ఆ కసితో ఆ గొట్టానికే మెషీన్ ఎర్త్ క్లాంపును పట్టకారులా తగిలించి, ముఖానికి నల్లద్దం పెట్టుకుని, తీగ ఆనించాను. భగ్గున వెలిగింది.

అప్పుడు నా బుర్ర కూడా వెలిగింది. కరెంటు తిరిగెళ్లాల్సిన క్లాంపు రంగు మీద కూర్చుంటే ఇనుముకు తగిలేదెక్కడ? ఇంతసేపూ మేం రంగుకు వెల్డింగ్ చేస్తున్నాం.

“హంతకుడు దొరికాడు,” అన్నాడు బావమరిది నేల మీద నుంచే. “రంగు.”

“ఆ రంగు పూసిందెవరు?” అంది వాళ్లక్క.

వాడు గొంతు సవరించుకున్నాడు. “గొప్ప డిటెక్టివు నేరస్థుడి మనసులోకి దూరాలక్కా.”

“దూరావు సరే, బయటికి రావడం మర్చిపోయావు.”

రెండు మెషీన్లూ నిర్దోషులే. పెద్దదాన్ని తిరిగిచ్చి మళ్లీ చిన్నదాన్నే తెచ్చుకున్నాను. మందపాటి గొట్టాలకు అది చాలు, భుజాన వేసుకుని మెట్ల మీద పనిచేసుకోవచ్చు. అతికే చోటల్లా రంగు గీకే శిక్ష బావమరిదికి పడింది.

మర్నాడు రెయిలింగు నిలబడింది. ముందు నేను బరువంతా వేసి వేలాడి చూశాను. తర్వాత మా ఆవిడ నా అతుకుల మీద వేలితో తడిమి, “కుట్టు వంకర. కానీ ఊడదు,” అంది. రెయిలింగు పట్టుకుని, ఎక్కడా ఆగకుండా పైకెళ్లిపోయింది. నేను వెనకే చేతులు చాచుకుని నడిచాను. అవసరం పడలేదు.

కాసేపటికి ఆ చిరిగిన ప్యాంటు పట్రమ్మని పైనుంచి కేకేసింది. కుట్టుమిషను చప్పుడు మొదలైంది. తువ్వాలు చుట్టుకున్న డిటెక్టివు, నేనూ కింది మెట్టు మీద కూర్చుని విన్నాం. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. వాడు భూతద్దం తీసి చూడబోతే చెయ్యి పక్కకు తోశాను.