గృహ పఠనానంద రాయబారి

ప్రపంచంలోని నిజమైన ఆనందమంతా ఇంటిపట్టునే ఉంది! ఈ సత్యాన్ని కనుక్కున్నది ఏ మహర్షీ కాదు, మా ఆఫీసు. పోయిన నవంబరులో కనుక్కుని, నకళ్లు తీయించి, అన్ని సెక్షన్లకూ పంపి, ముట్టినట్టు సంతకాలు కూడా తీసుకుంది.

ఆ సర్క్యులర్‌లో ఇలా ఉంది: 'శరదృతువు ముగియనున్న ఈ శుభ సమయమున ప్రతి ఉద్యోగియు ఆదివారం సాయంత్రం స్వగృహమందు కుటుంబ సమేతముగా పుస్తక పఠనము గావించి, ఆనందము పొంది, పొందినట్లు ఫొటోను సోమవారం ఉదయం పదిన్నర లోగా సమర్పించవలెను. ఆనందము పొందని వారు అందుకు గల కారణములను రాతపూర్వకముగా తెలియజేయవలెను.'

నేను ఆ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుని. పేరు శాంతికుమార్, ఊరు నిడదవోలు. ఇరవై రెండేళ్ల సర్వీసులో కారణాలు తెలియజేసే దుస్థితి నాకెప్పుడూ రాలేదు. అంచేత ఆదివారం చర్చి నుంచి రాగానే ఆనందానికి ఏర్పాట్లు మొదలుపెట్టాను.

ఇంట్లో నలుగురం. నేను, నా భార్య ప్రసన్నకుమారి, తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి మెర్సీ, మా అత్తగారు. పుస్తకాలు మాత్రం రెండే. బైబిలు పట్టుకుని ఆఫీసు ఫొటోకి ఫోజు పెడితే పాపమని అత్తగారు తేల్చేశారు. రెండోది మిక్సీతో పాటు వచ్చిన వంటల పుస్తకం. అది హిందీలో ఉంది.

"స్కూలు లైబ్రరీ నుంచి నవల తెచ్చుకున్నాను నాన్నా. లాంచీలో హత్య జరుగుద్ది" అంది మెర్సీ.

"హత్యా! ఆనందానికి పనికొస్తుందంటావా?"

"అట్ట కనపడకుండా పట్టుకుంటే సరిపోద్దండీ" అంది ప్రసన్న.

వరండాలో చాప వేశాం. బయట సన్నగా ముసురు. మధ్యలో పళ్లెం నిండా కాల్చిన తేగలు. మెర్సీ చదువుతున్నట్టు, మేం ముగ్గురం వింటున్నట్టు కూర్చున్నాం. ఫోను కిటికీలో నిలబెట్టి పద్నాలుగు ఫొటోలు తీశాం. పదకొండోదానిలో నా ఆనందం నిబంధనల మేరకు కుదిరింది.

"అయిపోయింది. ఇక పుస్తకం మూసేయండి" అన్నాను, రిమోటు కోసం వెతుకుతూ.

"ఉండండి అల్లుడుగారూ! ఆ లాంచీ నడిపే సరంగు ఒడ్డుకు దిగాడో లేదో తేలనివ్వండి" అన్నారు అత్తగారు.

ఫొటో కోసమని మెర్సీ చదివిన మూడు పేజీలు కొంప ముంచాయి! సరంగు దిగలేదు. ఇంకెవడో ఎక్కాడు. ప్రసన్న తేగ చీల్చి, లోపలి తియ్యటి లేత మొలక, అదే చందమామ, తీసి, ఎవరి నోట్లో పెడుతోందో చూసుకోకుండా నా చెవి దగ్గరికి తెచ్చింది. నేను లేచి లోపలికెళ్లి టీవీ పెట్టాను. "ఆ సౌండు కాస్త తగ్గించండి!" అని మూడు గొంతులు ఒక్కసారే అరిచాయి.

సోమవారం మా ఆఫీసరు లోకనాథ్ గారు ఫొటో చూసి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"ఇదండీ కుటుంబమంటే! ఈ తేగలేంటి, ఈ ముసురేంటి, ఆ పెద్దావిడ మొహంలో ఆ తన్మయత్వమేంటి! ఇది మీరు నలుగురికీ చెప్పాలండి."

"తప్పకుండా చెప్తానండి."

"ప్రతి ఆదివారం చెప్పాలండి!"

అక్కడికక్కడే ఉత్తర్వు తయారైంది. నేను 'గృహ పఠనానంద రాయబారి'ని. ఆదివారం ఇంట్లో ఎలా గడపాలో జనానికి చెప్పడానికి ప్రతి ఆదివారం ఇల్లు వదిలి వెళ్లాలి.

మొదట తణుకు వెళ్లాను, తర్వాత కొవ్వూరు. "టీవీలు కట్టేయండి! పిల్లల పక్కన కూర్చోండి! వాన చప్పుడు వింటూ ఒక్క పేజీ తిప్పి చూడండి!" అనేవాణ్ణి. అప్పుడు నా గొంతు గద్గదమయ్యేది. అది జీపులో మంచుగాలి కొట్టి పట్టిన జలుబు. జనం భావావేశం అనుకుని కళ్లు ఒత్తుకునేవారు.

మూడో ఆదివారం సామర్లకోట. బయల్దేరే వేళకి మళ్లీ ముసురు పట్టింది. ఇంట్లో వేరుశనక్కాయలు ఉడుకుతున్నాయి. ముగ్గురూ ఒకే దుప్పటిలో కాళ్లు దూర్చుకుని కూర్చున్నారు. ఆ దుప్పటికి నాలుగో మూల ఖాళీగా ఉంది. ఒక్క నిమిషం, నిజంగా ఒక్క నిమిషం, చెప్పులు విప్పేద్దామనిపించింది.

"ఇంతకీ ఆ హత్య ఎవరు చేశారే?" అన్నాను.

"అది అయిపోయి వారమైంది నాన్నా!" అంది మెర్సీ, పుస్తకంలోంచి తలెత్తకుండా.

బయట జీపు హారను కొట్టింది. వెళ్లిపోయాను.

సామర్లకోటలో హాలు నిండా జనం. నేను గంటసేపు మాట్లాడాను. లోకనాథ్ గారు వేదిక మీద మూడుసార్లు తల పంకించి, నాలుగోసారి నిద్రపోయారు. చివర్లో ముందు వరసలోంచి వీరదుర్గ గారనే టీచరు లేచారు.

"చాలా బాగా చెప్పారండి. ప్రస్తుతం మీ ఇంట్లో ఏ పుస్తకం చదువుతున్నారండి?"

నా జలుబు టక్కున ఆగింది.

"అదెందుకండీ, మా ఇంట్లో వాళ్ల నోటే వినండి!" అని ధైర్యం చేసి, ఫోను స్పీకరులో పెట్టి, మైకు దగ్గర పట్టుకున్నాను. చాలాసేపు మోగింది.

"ఎవరండీ?" అంది ప్రసన్న.

"నేనే. మనం ఇప్పుడు చదువుతున్న పుస్తకం పేరు చెప్పు."

"మీరా! మీరు ఇంట్లో లేరా?"

హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు.

"లోపల గదిలో పడుకున్నారనుకున్నామండీ. మీ కోసం కాయలు కూడా తీసి మూత పెట్టాను. సరే, పెట్టేయండి, కథ మంచి పట్టులో ఉంది." ఫోను కట్టయింది.

నవ్వులు మొదలయ్యాయి. మైకులో ఫోను మోతకే మెలకువ వచ్చి అంతా విన్న లోకనాథ్ గారు గబుక్కున మైకు అందుకున్నారు.

"విన్నారా అండీ! ఇంటి యజమాని ఉన్నాడో లేడో కూడా తెలియనంతగా చదువుతున్నారు! ఇంతకంటే విజయం ఏం కావాలండి?"

చప్పట్లు! నన్ను ముందుకు పిలిచి, శాలువా కప్పి, చుట్టచుట్టి రిబ్బను కట్టిన ప్రశంసాపత్రం ఇచ్చారు. ఫిబ్రవరి దాకా ఆదివారాలన్నీ నాకే కేటాయించినట్టు ప్రకటించారు.

నిడదవోలు చేరేసరికి ఏడున్నరైంది. తలుపు కొట్టాను.

"ఎవరది?" అన్నారు అత్తగారు.

"నేనండి, శాంతికుమార్ని."

"ఒక్క పేజీ ఉందండి అల్లుడుగారూ! కాస్త కూర్చోండి."

అరుగు మీద కూర్చున్నాను. వీధి దీపం కింద తోచక రిబ్బను విప్పి, ప్రశంసాపత్రం మొదటి నుంచి చివరి దాకా చదివాను. ఆ శరత్తు మొత్తమ్మీద నేను పూర్తిగా చదివిన రచన అదొక్కటే. శైలి బాగుంది. నా పేరు బాగుంది. ఒకటే అచ్చుతప్పు. 'కుటుంబ పఠనమునకు' అని ఉండాల్సిన చోట 'కుటుంబ పతనమునకు శ్రీ శాంతికుమార్ గారు చేసిన విశేష కృషికి' అని పడింది.

రేపు ఆఫీసులో చెప్పి దిద్దించాలనుకున్నాను. అంతలో లోపల ఏం చదివారో ఏమో, ముగ్గురూ ఒక్కసారి పగలబడి నవ్వారు. చాలాసేపు నవ్వారు.

ఇక దిద్దించలేదు.