డేగ గారూ, ఒక్కరే రాకండి

ఆ ఉదయం అమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. గొంతు పూర్తిగా పోయిన కొడుక్కి ఫ్లాస్కులో వేడినీళ్ళు పోసి, అతను పనిచేసే క్లినిక్కు దాకా తోడు వెళ్ళి, నాలుగు గుక్కలు తాగించి, ఎండ ముదరకముందే ఇంటికొచ్చి దుప్పట్లు ఉతుక్కోవాలి. అంతే. కానీ అమ్మకు చిన్న పథకాలు అచ్చిరావు. పాలు పొంగితే ఇల్లు అంటుకుందనీ, ఫోను వెంటవెంటనే రెండుసార్లు మోగితే ఎవరో ఆసుపత్రిలో పడ్డారనీ అనుకునే మనిషి. కొడుకు గొంతు పోయిందని తెలిసిన నిమిషానికే, అది ఈ జన్మలో తిరిగిరాదని తేల్చేసుకుంది.

పైగా ఆ రోజు మామూలు రోజు కాదు. క్లినిక్కులో రోగులకు ధైర్యం చెప్పే కౌన్సిలరుగా చేరిన కొడుకు ఇంకా పర్మనెంటు కాలేదు. ఉంచుకునేదీ పంపేసేదీ ఇవాళే చెబుతానన్నారు డాక్టరు గారు. ఇంతకుముందు రెండు చోట్ల పంపేశారు. ఇది కూడా పోతే ఏమవుతుందో ఊహించడానికి అమ్మకు రాత్రంతా సరిపోలేదు.

ఆ క్లినిక్కుకు ఒక పద్ధతి ఉంది. వచ్చేవాళ్ళంతా మగవాళ్ళే. ఎవరి పేరూ పైకి అనరు. చేరగానే తలా ఒక పక్షి పేరు పెట్టుకుంటారు. ఎవరిది వారే ఎంచుకోవాలి. అందుకే అక్కడ ఒక డేగ గారు, ఒక గద్ద గారు, ఒక నెమలి గారు, ఇంకా అలాంటి ఘనమైన పక్షులు చాలామంది ఉన్నారు. చివరికి బాతు, కొంగ కూడా అయిపోయాయి. పిచ్చుకను మాత్రం ఎవరూ ముట్టుకోలేదు.

"వాళ్ళకేం జబ్బురా?" అని అమ్మ అడిగినప్పుడల్లా కొడుకు "రక్తప్రసరణమ్మా" అని ముఖం తిప్పుకునేవాడు. నిజానికి అది పడకగదిలో మగతనం మొరాయించిన వాళ్ళకు వైద్యం చేసే చోటు. ఆ ముక్క కన్నతల్లికి ఎలా చెప్పాలో అతను చదివిన చదువులో ఎక్కడా లేదు. అమ్మ లెక్కలో రక్తప్రసరణ అంటే గుండె. గుండె అంటే ఇక చెప్పేదేముంది? ఆ పక్షులన్నిటి మీదా ఆమెకు ఎనలేని జాలి.

ఇద్దరూ లోపల అడుగుపెట్టేసరికి ఫోను మోగుతోంది. డాక్టరు గారు. కొడుకు నోరు తెరిస్తే గాలి మాత్రమే వచ్చింది. అమ్మ రిసీవరు లాక్కుంది.

"డాక్టరు గారూ, అబ్బాయికి గొంతు పోయింది. ఉద్యోగం మాత్రం తీసెయ్యకండి."

"అయ్యో, ఇవాళేనా? మనవాళ్ళు వాడే మాత్రను కంపెనీ ఆపేసిందమ్మా. అందరికీ ఫోన్లు చేయాలి. కంగారు పడొద్దని, షాపులో ఏది దొరికితే అది కొని మింగొద్దని చెప్పాలి. ఒక్కొక్కర్ని ఒక్కో రోజు రమ్మనాలి. జబ్బు పేరు గానీ మాత్ర పేరు గానీ ఫోన్లో రాకూడదు. నేను మధ్యాహ్నానికి గానీ రాలేను."

"నేను చేసి పెడతాను. మీరు నిశ్చింతగా ఉండండి."

కొడుకు రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. "వాడు కూడా సరేనంటున్నాడు" అని అమ్మ ఫోను పెట్టేసింది. అతను గబగబా ఏదో రాసి కాగితం ముందు పెట్టాడు. ఆమె కళ్ళజోడు ఇంట్లో దుప్పట్ల మీద ఉండిపోయింది. ఫోను లాక్కోబోతే చేతి మీద ఒక్కటి వేసింది.

"గొంతు లేనివాడివి, ఫోనేం చేసుకుంటావురా? నీ ఉద్యోగం నేను కాపాడతాను. నువ్వు నంబర్లు నొక్కు చాలు."

మొదట డేగ గారు.

"బాబూ, పక్కన కుర్చీ ఉందా? ముందు కూర్చో నాయనా."

"ఏమైందండీ?"

"కంగారు పడకు. నీ మాత్ర ఆగిపోయిందట. ఇక తయారుచేయరట. గుండె దిటవు చేసుకో."

"అంటే... నాకేమవుతుందండీ?"

"అది నా నోటితో చెప్పకూడదన్నారు బాబూ. బండి నువ్వు నడపకు. ఒక్కడివే రాకు. ఇంట్లోవాళ్ళను చూసుకున్నావా? పోనీ, వాళ్ళనే వెంటబెట్టుకుని రా."

కొడుకు తల బాదుకున్నాడు. "ఏడవకురా, నాకూ ఏడుపొస్తుంది" అంది అమ్మ. ఇక లాభం లేదనుకుని, గొంతు తెప్పించే మందేదైనా దొరుకుతుందేమోనని అతను వీధిలోకి పరుగుతీశాడు. అదే కొంప ముంచింది. టేబులు మీది పట్టీలో నంబర్లు లావుగానే ఉన్నాయి, కళ్ళజోడు లేకపోయినా అమ్మే నొక్కుకుంది.

గద్ద గారింట్లో భార్య ఎత్తింది.

"ఆయన స్నానం చేస్తున్నారు. మీరెవరు?"

"క్లినిక్కు నుంచి తల్లీ. ఏ క్లినిక్కో అడక్కు. తొందరపెట్టకమ్మా, పాపం, తృప్తిగా చేయనీ. తర్వాత జాగ్రత్తగా పట్టుకుని తీసుకురా."

అటువైపు ఒక గిన్నె దొర్లుకుంటూ పోయిన చప్పుడు వినిపించింది.

ఒక్కో రోజు ఒక్కొక్కర్ని రమ్మనడానికి అమ్మకు మనసొప్పలేదు. ఆ రోజు దాకా ఉండాలి కదా పాపం! అందర్నీ ఉన్నపళాన రమ్మంది.

కొడుకు మందు బిళ్ళ చప్పరిస్తూ తిరిగొచ్చేసరికి క్లినిక్కు ముందు నిలబడే చోటు లేదు. డేగ గారిని కారు వెనక సీట్లోంచి భార్య, డ్రైవరు కలిసి దించుతున్నారు. గద్ద గారు ఇద్దరు బావమరుదుల భుజాల మీద వేలాడుతూ వచ్చారు. నెమలి గారి భార్య ఊళ్ళో లేదు కాబట్టి అత్తగారు తీసుకొచ్చింది. హాలంతా ముక్కు చీదుళ్ళు. మగవాళ్ళు ఒకరినొకరు చూడకుండా నేలలోకి చూస్తున్నారు. అమ్మ ఫ్లాస్కు పట్టుకుని అందరికీ తలా ఒక మూత వేడినీళ్ళు పోస్తోంది.

గద్ద గారి భార్య ఆమె చెయ్యి పట్టుకుంది. "దాచకుండా చెప్పండి పిన్నిగారూ. ఆయనకింకా ఎన్నాళ్ళుంది?"

అమ్మ భోరుమంది. దాంతో హాలు మొత్తం భోరుమంది.

పెద్ద బావమరిది గొంతు సవరించుకున్నాడు. "బావా, ఇలా అడుగుతున్నానని కాదు గానీ, ఆ ఇల్లు ఎవరి పేరు మీద పెట్టావు?"

గద్ద గారు దిగ్గున లేచి నిలబడ్డారు. "ఒరేయ్, నేను చావట్లేదు! అది... ఆ మాత్ర... రాత్రిపూట వేసుకునేది!"

"నిద్రమాత్రా అండీ?" అంది భార్య కళ్ళు తుడుచుకుంటూ.

"నిద్రపోవడానికి కాదే! నిద్రపోకుండా ఉండటానికి!"

భార్య కళ్ళు తుడుచుకోవడం ఆపి ఆయన్ని ఎగాదిగా చూసింది.

"దానికా?"

"దానికే."

"దానికా నా ప్రాణాలు తోడేశారు!" అని ఆవిడ చేతిసంచీతో ఆయన వీపు మీద రెండు వాయించి, మూడోది వేయబోయి నవ్వాపుకోలేక ఆయన మీదే వాలిపోయింది. "బతికున్నారు. అది చాలు నాకు."

డేగ గారు భార్య ఒళ్ళోంచి తలెత్తారు. "నాదీ అదేనోయ్." ఆ మూల నుంచి ఒకరు, ఈ మూల నుంచి ఒకరు, "నాదీ", "మాదీ" అంటూ చేతులెత్తారు. నెమలి గారు చెమటలు కక్కుతూ "అత్తయ్యగారూ..." అన్నారు. "చెప్పకండి అల్లుడు గారూ. నేను కాస్త గాలికి నిలబడతాను" అని ఆవిడ చెప్పులు వేసుకుంది.

అమ్మ నెమ్మదిగా కొడుకు వైపు తిరిగింది. "రక్తప్రసరణ అంటే..." కొడుకు ఫ్యాను వైపు చూశాడు. ఫ్లాస్కు జారి కింద పడింది.

సరిగ్గా అప్పుడే డాక్టరు గారు లోపలికి వచ్చారు. అమ్మ చేతులు జోడించింది. "తప్పంతా నాదండీ. వీళ్ళ పరువు తీశాను. వాడి పొట్ట కొట్టాను. వాడు పాపం మొదటి నుంచీ వద్దంటూనే ఉన్నాడు."

డాక్టరు గారు ఆమె మాట వినడం లేదు. "ఈ ఆడవాళ్ళందరూ భార్యలేనా?"

"బయట ఒక అత్తగారు కూడా ఉన్నారు" అంది అమ్మ.

"ఇంటావిడను తీసుకురండయ్యా, ఇద్దరితో మాట్లాడాలి అని ఎన్నాళ్ళ నుంచో నెత్తీ నోరూ బాదుకుంటున్నాను. ఒక్కడు తెస్తే ఒట్టు!" ఆయన కుర్చీ లాక్కుని హాలు మధ్యలో కూర్చున్నారు. "వినండి. ఈ మాత్ర మానేస్తే ప్రాణం మీదికేమీ రాదు. కొందరికి బదులు వేరేది రాస్తాను. గుండె మందులు వాడేవాళ్ళు మాత్రం నన్నడక్కుండా ఏదీ మింగొద్దు. కొందరికి షుగరు, బీపీ అదుపులోకి రావాలి, సిగరెట్లు పోవాలి. మరికొందరికి ఉన్నది జబ్బు కాదు, భయం."

"మా ఆయనది భయమేనండీ" అంది డేగ గారి భార్య. "మాత్రలు షేవింగు డబ్బాలో దాస్తారని నాకెప్పుడో తెలుసు. అడిగితే చిన్నబుచ్చుకుంటారని ఊరుకున్నాను. ఇవాళ ఇంకేదో ముంచుకొచ్చిందనుకుని ఏడ్చానంతే." డేగ గారు ఆవిడ ముఖం వైపు చూశారు. చాలాకాలానికి సరిగ్గా చూసినట్టున్నారు, చూపు తిప్పుకోలేదు.

జంటలన్నీ వెళ్ళాక డాక్టరు గారు కొడుకు భుజం తట్టారు. "నువ్వు పర్మనెంటు. అమ్మగారిని మాత్రం ఫోను దగ్గరికి రానివ్వకు." గుమ్మం దాకా వెళ్ళి ఆగారు. "మొండివాళ్ళుంటే తప్ప."

"థాంక్సండీ" అంది కొడుకు గొంతు, గిలక బావి చప్పుడులా.

సాయంత్రం, తడవని దుప్పట్ల పక్కన కూర్చుని అమ్మ జరిగినదంతా భర్తకు చెప్పింది. బుద్ధొచ్చింది కాబట్టి ఎవరి ఆనవాలూ చెప్పలేదు, పక్షుల్నే చెప్పింది. ఆయన నవ్వలేదు. పేపరు మడిచారు. కొడుకు పెరట్లో ఉన్నాడో లేదో తొంగిచూశారు. తర్వాత గొంతు బాగా తగ్గించి అడిగారు.

"అయితే, ఇంకా ఏమేం పక్షులు మిగిలాయే?"

జీవితంలో మొదటిసారి అమ్మ ఏ కీడూ శంకించకుండా జవాబు చెప్పింది.

"పిచ్చుక."